చిన్న ప్రైవేటు బడిలో వేద్దామా? నిర్ణయించే ముందు ఏం చూడాలి, ఎలా అడగాలి

మా అబ్బాయి ఒకటో తరగతిలో ఉండగా రోజూ పొద్దున్న ఏడున్నరకి వాడికి కడుపునొప్పి వచ్చేది. ఆదివారం వచ్చేది కాదు. దసరా సెలవులన్నాళ్లూ రాలేదు. వాళ్ల నాన్న భుజాల మీద కూర్చుని విజయనగరం మూడు లాంతర్ల దగ్గర పైడితల్లి అమ్మవారి సిరిమాను ఉత్సవం చూసి కేరింతలు కొట్టినవాడు, బడికి వెళ్లాల్సిన పొద్దున్న మళ్లీ పొట్ట పట్టుకుని మూలన కూర్చున్నాడు. డాక్టరుకి చూపిస్తే నులిపురుగుల మందు రాశారు. తగ్గలేదు. వాడు చదివేది పెద్ద స్కూలు, సెక్షనుకి 48 మంది. వాడు మెల్లగా మాట్లాడే పిల్లాడు. అడిగితేగాని చెప్పడు, అడిగేవాళ్లు అక్కడ లేరు.

"చిన్న బడిలో వెయ్యి వదినా, పిల్లల్ని కనిపెట్టుకుని ఉంటారు" అంది మా ఆడపడుచు. ఆ మాట నిజమో కాదో తేల్చుకోవడానికి నాకు నాలుగు నెలలు పట్టింది. ఎందుకంటే పెళ్లికి ముందు నేను గజపతినగరం దగ్గర ఒక చిన్న ప్రైవేటు బడిలో రెండేళ్లు టీచరుగా చేశాను. రెండో తరగతి, జీతం నెలకి 4,500. లోపల ఏం జరుగుతుందో చూసినదాన్ని కాబట్టి తొందరపడబుద్ధి కాలేదు. ఇప్పుడు మాది విజయనగరం, దాసన్నపేట వైపు. ఇంట్లో బ్లౌజులు కుడతాను. కొలతలు ఇవ్వడానికి వచ్చేవాళ్లలో తల్లులూ ఉంటారు, చిన్న బడుల్లో పనిచేసే టీచర్లూ ఉంటారు. వాళ్ల దగ్గర విన్నది, నేను తిరిగి చూసినది, టీచరుగా చేసినప్పుడు తెలిసినది కలిపి ఇక్కడ రాస్తున్నాను.

ముందే ఒక మాట చెప్పేస్తాను, మిగతాదంతా దాని చుట్టూనే తిరుగుతుంది. చిన్న బడిలో మీ పిల్లాడికి సంబంధించినంత వరకు బడి అంటే ముగ్గురు మనుషులు: కరస్పాండెంటు (బడి నడిపే యజమాని), క్లాసు టీచరు, ఆయమ్మ. పెద్ద స్కూల్లో ఒక టీచరు వెళ్లిపోతే ఇంకొకరు వస్తారు, టైంటేబులూ వర్క్‌షీట్లూ అవే ఉంటాయి, బండి నడుస్తుంది. చిన్న బడిలో ఆ టీచరు వెళ్లిపోతే మీ పిల్లాడికి బడే మారిపోయినట్టు. అందుకని భవనం, బోర్డు, ఫ్లెక్సీ మీద ర్యాంకుల ఫొటోలు చూడటానికి పట్టే సమయం తగ్గించి, ఆ ముగ్గురినీ చూడటానికి వాడండి.

ముందు మన పిల్లల్ని చూసుకోవాలి

బడులు తిరిగే ముందు ఒక వారం రోజులు చిన్న నోటుబుక్కు పెట్టుకోండి. సాయంత్రం వచ్చాక పిల్లాడు తనంతట తాను చెప్పిన మాట ఒకటి రాయండి. "ఈరోజు ఏం చెప్పారు?" అని మనం అడిగితే వచ్చే జవాబు పనికిరాదు, "ఏమీ లేదు" అనే వస్తుంది. అన్నం తింటూనో స్నానం చేస్తూనో వాడే ఎత్తే మాట రాయండి. మా వాడి పుస్తకంలో ఆరు రోజుల్లో నాలుగు రోజులు ఒకటే మాట వచ్చింది: "నేను చెయ్యి ఎత్తాను, మేడం చూడలేదు." నాకు కావలసింది దొరికింది. వాడికి కావలసింది చూసే మనిషి.

అదే మా ఆడపడుచు కూతురి సంగతి వేరు. ఆ పిల్ల గడగడా మాట్లాడుతుంది, పరుగెత్తకుండా ఉండలేదు. చిన్న బడిలో వాళ్ల క్లాసులో మొత్తం ఏడుగురు, అందులో ఆడపిల్లలు ఇద్దరే. రెండో పిల్లతో పోట్లాడిన వారం దీనికి మాట్లాడే దిక్కు లేదు. ఆడుకోవడానికి మేడ మీద సిమెంటు గచ్చు తప్ప నేల లేదు. ఏడాది తిరగకుండా వాళ్లు పెద్ద గ్రౌండు ఉన్న స్కూలుకి మార్చారు, పిల్ల సుఖపడింది. వాళ్లు మాకు సలహా ఇచ్చిన బడిలోంచే వాళ్ల పిల్లని తీసేశారు, మా వాడిని మేము అందులోనే వేశాం. రెండూ సరైన పనులే.

ప్రాథమిక తరగతుల్లో 30 మంది పిల్లలకి ఒక టీచరు ఉండాలని 2009 విద్యాహక్కు చట్టం చెబుతుంది. అంతకన్నా ఎక్కువ ఉంటే ఆలోచించాలి, అది అందరికీ తెలుసు. మరీ తక్కువ ఉన్నా ఆలోచించాలని చాలామందికి తట్టదు. నా లెక్కలో క్లాసుకి పది మంది కన్నా తక్కువ ఉంటే రెండు ప్రశ్నలు అడగాలి. మా పిల్ల ఈడు పిల్లలు, ఆడపిల్లలు, ఎంతమంది? రెండు క్లాసులు కలిపి కూర్చోబెడుతున్నారా? కలిపి కూర్చోబెడితే మూడో తరగతి పిల్లలు రాసుకుంటూ ఉండగా టీచరు నాలుగో తరగతికి చెబుతుంది. నేర్పున్న టీచరైతే చక్కగా నడిపిస్తుంది. లేకపోతే రెండు క్లాసులూ రోజంతా చూచిరాతలు రాస్తాయి.

ఏప్రిల్‌లో మన ఇంటికి వచ్చేవాళ్ల మాట నమ్మి నిర్ణయించకండి

ఎండాకాలంలో కరపత్రాలు పట్టుకుని ఇంటింటికీ టీచర్లు తిరుగుతారు కదా, నేనూ అలా తిరిగినదాన్నే. మనిషికి పది అడ్మిషన్లు తేవాలి, తేకపోతే వేసవి జీతం లేదు. ఆ ఎండలో నేను ఏం చెప్పానో గుర్తుంది: స్పోకెన్ ఇంగ్లీష్ ఉంది, అబాకస్ ఉంది, కంప్యూటర్ క్లాసులు ఉన్నాయి. కంప్యూటర్ ఉండేది ఒకటే, అది ఆఫీసు రూములో ఫీజు రసీదులు కొట్టడానికి. ఆ మాటలు చెప్పినందుకు నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది. మీ గుమ్మంలోకి వచ్చిన టీచరుకి మంచినీళ్లు ఇవ్వండి, కరపత్రం తీసుకోండి, మాట మాత్రం ఇవ్వకండి. బడి నడుస్తున్న రోజున మీరే వెళ్లండి.

వెళ్లడానికి మంచి రోజులు జూలై, ఆగస్టు, లేదా ఫిబ్రవరి. దసరా తర్వాత, సంక్రాంతి తర్వాత ఒకసారి వెళితే ఇంకా మంచిది, ఎందుకంటే చిన్న బడుల్లో టీచర్లు మానేసేది ఆ సెలవుల్లోనే. ఊరికి వెళ్లిన టీచరు మరి రాదు. తిరిగి తెరిచిన వారంలో ఏ క్లాసులో టీచరు లేదో కళ్లకి కనిపిస్తుంది.

రెండుసార్లు వెళ్లాలి. ఒకసారి పొద్దున్న ఇంటర్‌వెల్ వేళకి. రెండోసారి సాయంత్రం బడి వదిలే వేళకి, లోపలికి వెళ్లకుండా గేటు దగ్గర నిలబడటానికి. నేను అలా నిలబడిన రోజున ఒక నాలుగేళ్ల బాబు బూటు లేసు ఊడి ఉంది. ఆయమ్మ వంగి కడుతూ, వాళ్ల తాతయ్యతో "ఏటి బాబూ, మీ మనవడు ఈవేళ కూర ముట్టలేదు, చారుతోనే తిన్నాడు" అంది. అరవై మంది పిల్లల్లో ఒక్కడు కూర తినలేదని ఆవిడకి తెలుసు. నేను ఆ బడి గురించి ఆలోచించడం మొదలుపెట్టింది అక్కడే. అంతకు ముందు వారం ఇంకో బడి గేటు దగ్గర నిలబడితే, ఆటోలో ఎక్కించేవాళ్లు పిల్లల్ని రెక్క పట్టుకుని తోస్తున్నారు. పిల్లల ముఖాల్లో కూడా ఏమీ లేదు, అలవాటైపోయింది. ఆ బడి కరస్పాండెంటు మాత్రం నాతో ఎంతో మర్యాదగా మాట్లాడారు.

టీచరు గురించి ఎలా తెలుసుకోవాలి

జీతం ఎంత అని అడగకండి, ఆ అమ్మాయిని ఇబ్బంది పెట్టినట్టు అవుతుంది. "మీరు ఇక్కడ ఎన్నాళ్ల నుంచి చేస్తున్నారు మేడం?" అని అడగండి. ఎల్‌కేజీ నుంచి అయిదు దాకా ప్రతి క్లాసు టీచరునీ ఇదే అడగండి. మూడేళ్లు దాటినవాళ్లు సగం మంది ఉంటే ఆ బడి వాళ్లని సరిగ్గా చూసుకుంటోందని అర్థం. అందరూ ఈ జూన్‌లో చేరినవాళ్లే అయితే వచ్చే జూన్‌కి వీళ్లూ ఉండరు.

డీఎస్సీ, అంటే ప్రభుత్వ టీచరు పోస్టుల పరీక్ష సంగతి కూడా అడగండి. మన జిల్లాల్లో చిన్న ప్రైవేటు బడుల్లో చెప్పే అమ్మాయిలు చాలామంది డీఈడీ, బీఈడీ చేసి గవర్నమెంటు పోస్టు కోసం చదువుకుంటున్నవాళ్లే. 2025లో 16,347 పోస్టులకి మెగా డీఎస్సీ పడినప్పుడు నా దగ్గర బ్లౌజులు కుట్టించుకునే టీచర్లలో ముగ్గురు బడి మానేసి కోచింగుకి వెళ్లారు. తప్పు వాళ్లది కాదు, వాళ్ల బతుకు వాళ్లు చూసుకోవాలి. మనం కరస్పాండెంటుని అడగాల్సింది ఇది: "మధ్యలో టీచరు మానేస్తే ఎవరు చెబుతారండి? పోయినసారి ఎవరు చెప్పారు?" పోయినసారి సంగతి అడిగితే కల్పించి చెప్పడం కష్టం. "మా ఆవిడే ఆ నెలంతా క్లాసు తీసుకుంది" అన్నారనుకోండి, అది జవాబు. "అలాంటి ప్రాబ్లమ్ మా దగ్గర రాదమ్మా" అంటే అది జవాబు కాదు.

చట్టం ప్రకారం టీచరుకి నిర్ణయించిన అర్హతలు ఉండాలి. అడగండి, అడగడం మన హక్కు. కానీ అక్కడితో ఆగకండి. నోటుబుక్కు చూడండి.

నోటుబుక్కుల గురించి కాస్త ఎక్కువ చెబుతాను, నాకు బాగా తెలిసింది ఇదే. మీరు వెళ్లగానే మంచి దస్తూరి ఉన్న పిల్ల పుస్తకం తెచ్చి చూపిస్తారు. అది పక్కన పెట్టి, "మధ్యరకంగా చదివే పిల్లాడి పుస్తకం ఒకటి చూపించండి" అనండి. అందులో మూడు చూడాలి. మొదటిది, తప్పులు ఉన్నాయా? అసలు ఒక్క తప్పూ లేకపోతే అది బోర్డు మీద నుంచి ఎక్కించుకున్నదే. నేను చేసిన బడిలో ప్రశ్న, జవాబు రెండూ బోర్డు మీద మేమే రాసేవాళ్లం. పిల్లలు బొమ్మ గీసినట్టు దింపేవారు, తల్లిదండ్రులు చూసి మురిసిపోయేవారు. ఆ పిల్లాడిని ఆ జవాబులోంచి ఒక్క మాట చదవమంటే చదవలేడు. రెండోది, తప్పు దగ్గర టీచరు ఏం చేసింది? పేజీ చివర పెద్ద టిక్కు కొట్టి వదిలేసిందా, తప్పు మాట కింద గీత గీసి సరైనది రాయించిందా? రోజుకి 38 పుస్తకాలు దిద్దాల్సి వచ్చినప్పుడు నేనూ తప్పుల మీద టిక్కులు కొట్టాను. అలసిపోయిన టీచరు పుస్తకం ఎలా ఉంటుందో నాకు తెలుసు. మూడోది, సొంత వాక్యం ఎక్కడైనా ఉందా? "మా ఇంట్లో ఆవు ఉంది, దాని పేరు గౌరి" లాంటి ఒక్క వాక్యం కనిపించినా ఆ టీచరు పిల్లల చేత ఆలోచింపజేస్తోందని నమ్మవచ్చు.

కుదిరితే ఒక మూడో తరగతి పిల్లని తెలుగు వాచకంలో కొత్త పేజీ చదవమనండి. చదివాక ఆ పేజీలో ఏముందో తెలుగులోనే చెప్పమనండి. ఇంగ్లీషు పాఠానికి కూడా అంతే: చదవమనండి, తర్వాత దాని సంగతి తెలుగులో అడగండి. చిన్న బడులు చాలా వాటిలో "మా పిల్లలు ఇంగ్లీషులోనే మాట్లాడతారు" అని గొప్పగా చెబుతారు. నాలుగు వాక్యాలు బట్టీ పట్టించడం పెద్ద పని కాదు, నేనే పట్టించాను. చదివింది సొంత భాషలో చెప్పగలిగితే ఆ పిల్లకి అర్థమైనట్టు. వీలైనంత వరకు మాతృభాషలోనే బోధన ఉండాలని విద్యాహక్కు చట్టంలోనే రాసి ఉంది. తెలుగు మాట్లాడితే ఫైను వేసే బడి అయితే నేను గుమ్మం దిగి వచ్చేస్తాను.

కొట్టే సంగతి నేరుగా అడిగితే ఎవరూ ఒప్పుకోరు. "మా వాడు కాస్త అల్లరండి, అల్లరి చేస్తే ఏం చేస్తారు?" అని అడగండి. కొందరు కరస్పాండెంట్లు మనల్ని సంతోషపెడుతున్నామనుకుని "మీరేం దిగులుపడకండి, రెండు తగిలిస్తే దారికొస్తాడు" అనేస్తారు. కొట్టడం, మనసు నొప్పించేలా అవమానించడం రెండూ ఆ చట్టంలోని 17వ సెక్షను నిషేధించింది. మన పెద్దవాళ్లు కొందరు "కొట్టకపోతే చదువు ఎలా వస్తుంది" అంటారు. కడుపునొప్పితో మూలన కూర్చున్న పిల్లాడిని చూసిన దాన్ని, ఈ విషయంలో నేను ఎవరి మాటా వినను.

గుర్తింపు ఏ తరగతి వరకు ఉందో చూడండి

ఇది చాలామంది పట్టించుకోరు, తర్వాత ఏడుస్తారు. గుర్తింపు లేకుండా బడి నడపకూడదు, నడిపితే లక్ష రూపాయల దాకా జరిమానా ఉంది. చిన్న బడులకి మామూలుగా గుర్తింపు ఉంటుంది, కాని అది అయిదు వరకో ఏడు వరకో ఉంటుంది, క్లాసులు పది దాకా నడుస్తాయి. పై క్లాసుల పిల్లల పేర్లు ఇంకో స్కూలు రిజిస్టరులో ఉంటాయి. పదో తరగతి హాల్‌టికెట్ మీద ఎన్నడూ అడుగుపెట్టని స్కూలు పేరు చూసుకుని కంగారుపడిన కుటుంబం మా వీధిలోనే ఉంది. టీసీ ఒక చోట, మార్కులు ఒక చోట, తిరగడానికే ఆ తండ్రికి వేసవంతా సరిపోయింది.

అందుకని "గుర్తింపు ఉత్తర్వు కాపీ ఒకసారి చూపిస్తారా, ఎన్నో తరగతి వరకు ఉంది, ఏ సంవత్సరం దాకా ఉంది?" అని అడగండి. యూడైస్ కోడ్ కూడా రాసుకోండి, అది ప్రతి బడికీ ప్రభుత్వం ఇచ్చే నంబరు. అది 11 అంకెలు ఉంటుంది, మన ఆంధ్రప్రదేశ్‌వి 28తో మొదలవుతాయి. యూడైస్ ప్లస్ వెబ్‌సైటులో ఆ కోడ్ కొడితే బడి వివరాలు వస్తాయి: ఎంతమంది టీచర్లు, ఏ తరగతులు, మరుగుదొడ్లు ఎన్ని. అక్కడ వాళ్లు రాసిన టీచర్ల సంఖ్య, మీరు కళ్లతో చూసిన సంఖ్య సరిపోతున్నాయా చూడండి. అనుమానం ఉంటే మండల విద్యాశాఖాధికారి ఆఫీసుకి వెళ్లి అడగండి, మనల్ని ఎవరూ తినేయరు.

తల్లికి వందనం, అంటే బడికి వెళ్లే పిల్లల తల్లులకి రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే డబ్బు కూడా దీంతోనే ముడిపడి ఉంది. గుర్తింపు ఉన్న ప్రైవేటు బడిలో చదివే పిల్లలకీ అది వస్తుంది. 2025 జూన్‌లో ఇచ్చినప్పుడు పిల్లకి 15,000 లెక్కలో 13,000 తల్లి ఖాతాలో పడింది, 2,000 బడుల నిర్వహణకి పక్కన పెట్టారు. 75 శాతం హాజరు ఉండాలి. పిల్లాడి పేరు వేరే స్కూల్లో ఉంటే ఈ లెక్కలన్నీ చిక్కుపడతాయి.

ఫీజు మొత్తం ఒకే కాగితం మీద రాయించుకోండి

"నెలకి పదిహేను వందలేనమ్మా" అన్నారు ఒక బడిలో. మా ఆయన టైల్స్ షాపులో పనిచేస్తారు, బిల్లులు రాయడం అలవాటు. ఆయన అక్కడే కూర్చుని ఒక్కొక్కటీ అడిగి రాశారు. నెలకి 1,500 చొప్పున పన్నెండు నెలలకి 18,000, అంటే సెలవుల రెండు నెలలకీ కట్టాలి. పుస్తకాలు 4,300. రెండు జతల యూనిఫాం, టై, బెల్టు, బూట్లు కలిపి 2,900. అడ్మిషన్ 2,000. పరీక్ష ఫీజు మూడుసార్లు 400 చొప్పున 1,200. యానివర్సరీకి 800. ఆటో నెలకి 900 చొప్పున పది నెలలకి 9,000. మొత్తం 38,200 తేలింది. చెప్పిన దానికి రెట్టింపు కన్నా ఎక్కువ. వాళ్లు అబద్ధం చెప్పలేదు, మనం అడగకపోతే తెలియదు అంతే.

తల్లికి వందనం వస్తుంది కదా అని ఆ డబ్బుని ముందే ఫీజులో కలిపేసుకోకండి. కొన్ని బడులు "అది వచ్చాక కట్టండి" అంటాయి, వినడానికి బాగుంటుంది. ఏ కారణం చేతనైనా ఆగితే అర్ధ సంవత్సర పరీక్షల వేళ పిల్లాడిని లేపి నిలబెడతారు. మన ఇంటి సంపాదన నుంచి నెలకి ఎంత తీయగలమో ఆ లెక్కకి సరిపోయే బడే చూసుకోవాలి. డొనేషన్ అడగడం, చేర్చుకోవడానికి పిల్లాడికి పరీక్ష పెట్టడం రెండూ చట్టవిరుద్ధం. ప్రతి రూపాయికీ రసీదు అడగండి. మొహమాటపడకండి.

ఇంకొకటి. ప్రైవేటు బడుల్లో ఒకటో తరగతిలో 25 శాతం సీట్లు పేద పిల్లలకి ఉచితంగా ఇవ్వాలి. మన రాష్ట్రంలో అందులో 5 శాతం అనాథలు, దివ్యాంగులు, హెచ్ఐవీ బాధిత పిల్లలకి, 10 ఎస్సీలకి, 4 ఎస్టీలకి, 6 మిగతా బలహీన వర్గాలకి. ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేస్తే లాటరీ తీస్తారు. ఇది ఒకటో తరగతిలో చేరేటప్పుడే, రెండులోకి వచ్చాక లేదు. నాకు ఈ సంగతి తెలిసేసరికి మా వాడు రెండులో ఉన్నాడు. మీ పిల్లలు ఇంకా యూకేజీ అయితే ఇప్పుడే మీ వార్డు లేదా గ్రామ సచివాలయంలో అడిగి ఉంచండి.

మెట్లు, నీళ్లు, ఆటో

తమిళనాడులోని కుంభకోణంలో 2004 జూలై 16న ఒక ప్రైవేటు బడిలో వంటగది నుంచి తాటాకు కప్పుకి మంటలు అంటుకుని 94 మంది పిల్లలు చనిపోయారు. ఇరుకు భవనం, పిల్లలు బయటికి రాలేకపోయారు. అద్దె ఇంట్లో నడిచే బడికి వెళ్లినప్పుడల్లా నాకు అదే గుర్తొస్తుంది. మేడ మీద క్లాసులు ఉంటే రెండో వైపు మెట్లు ఉన్నాయా, ఆ మెట్ల మీద పాత బెంచీలు పేర్చారా, వంట గ్యాసు ఎక్కడ పెట్టారు, కిటికీలకి ఊచలు ఎలా ఉన్నాయి, ఇవి నడుచుకుంటూ వెళ్లి మీ కళ్లతో చూడండి. రేకుల షెడ్డులో క్లాసు నడుస్తుంటే మధ్యాహ్నం రెండు గంటలకి వెళ్లి అయిదు నిమిషాలు అందులో కూర్చోండి. మార్చి నడిమి దాకా ఒంటిపూట బడులు రావు, అప్పటికే మన దగ్గర ఎండ ముదురుతుంది.

మరుగుదొడ్డి తలుపు గడియ పడుతుందా, లోపల నీళ్లు వస్తున్నాయా చూడండి. ఆడపిల్లలు రోజంతా నీళ్లు తాగకుండా ఉండేది ఇందుకే. ఇంటికి రాగానే పరుగెత్తుతున్నారంటే బడిలో వెళ్లడం లేదని.

స్కూలు బస్సుల ఫిట్‌నెస్ గడువు ఏటా మే 15తో అయిపోతుంది, జూన్‌లో బడి తెరిచేలోగా మళ్లీ చేయించాలి. బస్సు ఉంటే ఆ కాగితం చూపించమనండి. చిన్న బడులకి ఎక్కువగా బస్సు ఉండదు, ఆటోలే. ఆటోలో ఎంతమందిని ఎక్కిస్తారో బడివాళ్లని అడగకండి, పొద్దున్న ఎనిమిదిన్నరకి రోడ్డు మీద నిలబడి లెక్కపెట్టండి. నేను ఒక ఆటోలో పద్నాలుగు తలలు లెక్కపెట్టాను, ఇద్దరు డ్రైవరు సీటు మీదే ఉన్నారు. మా వాడిని నేనే సైకిలు మీద దింపుతున్నాను.

పక్కనే ఉన్న ప్రభుత్వ బడిని కూడా ఇదే కళ్లతో చూడండి

ఈ ప్రశ్నలన్నీ పట్టుకుని అదే వారం మీ వీధి మున్సిపల్ బడికో, ఊళ్లో మండల పరిషత్ బడికో వెళ్లండి. అక్కడి టీచర్లు డీఎస్సీ గెలిచి వచ్చినవాళ్లు, మధ్యలో మానేసి పోరు. పుస్తకాలు, బ్యాగు, యూనిఫాం, మధ్యాహ్న భోజనం ఉచితం. మా ఎదురింటి పిల్ల మున్సిపల్ బడిలో నాలుగో తరగతి, తెలుగు దినపత్రిక గడగడా చదువుతుంది. మేము ఎందుకు వేయలేదంటే, మాకు దగ్గర్లో ఉన్న బడిలో ఆ ఏడాది అయిదు తరగతులకి ఇద్దరే టీచర్లు ఉన్నారు. మనిషి కావలసిన మా వాడికి అది సరిపోదనిపించింది. మీ దగ్గర బడిలో తరగతికొక టీచరు ఉంటే, మీ జవాబు మా జవాబులా ఉండనక్కర్లేదు. "గవర్నమెంటు బడిలో వేశారా" అని చుట్టాలు అంటారన్న భయంతో 38,000 ఖర్చు పెట్టకండి.

చేర్పించాక ఆరు వారాలు

మొదటి వారం ఏడుపుని లెక్కపెట్టకండి, ఏ బడిలోనైనా ఉంటుంది. మూడో వారం నుంచి మళ్లీ ఆ నోటుబుక్కు తీయండి. స్నేహితుడి పేరు ఒక్కటైనా వినిపిస్తోందా? టీచరు అన్న మాట ఏదైనా ఇంట్లో అనుకరిస్తున్నాడా? మా వాడు నాలుగో వారంలో ఇంట్లో బొమ్మలన్నీ వరసగా కూర్చోబెట్టి "ఎవరు చెయ్యి ఎత్తారు? నువ్వు చెప్పు నాన్నా" అని మేడం గొంతుతో అడిగాడు. కడుపునొప్పి ఎప్పుడు పోయిందో మేము గమనించనే లేదు.

ఆరు వారాలైనా పిల్ల ముడుచుకునే ఉంటే ముందు క్లాసు టీచరుతో మాట్లాడండి, తర్వాత కరస్పాండెంటుతో. పది మంది ముందు కాదు, బడి వదిలాక. చిన్న బడికి ఉన్న పెద్ద సుఖం ఇదే, మాట నేరుగా చెప్పుకోవచ్చు, రెండు రోజుల్లో మార్పు కనిపిస్తుంది. కనిపించకపోతే కట్టిన ఫీజు పోతుందని పిల్లని అక్కడే ఉంచకండి. ప్రభుత్వ బడికి మారాలనుకుంటే టీసీ వెంటనే ఇవ్వాలి. టీసీ ఆలస్యమైందని చేర్చుకోకుండా ఉండకూడదని కూడా చట్టం చెబుతుంది.

మా వాడి టీచరు కూడా మూడో తరగతి మధ్యలో పెళ్లయి పలాస వెళ్లిపోయింది. ముందే అనుకున్నాం కాబట్టి నేను అదే వారం వెళ్లి కొత్త టీచరుతో పావుగంట కూర్చున్నాను. వాడు అడిగితేగాని చెప్పడని, చెయ్యి సగమే ఎత్తుతాడని చెప్పాను. ఆ అమ్మాయి అది అటెండెన్సు పుస్తకం వెనక రాసుకుంది.

ఇప్పుడు వాడు అయిదో తరగతి. ఈ బడికి గుర్తింపు అయిదు వరకే, కాబట్టి పని మళ్లీ మొదటికి వచ్చింది. సంక్రాంతి వెళ్లాక ఫిబ్రవరిలో మూడు బడులు చూడాలని రాసి పెట్టుకున్నాను: రెండు ప్రైవేటువి, ఒకటి మున్సిపల్ హైస్కూలు. ఈసారి వాడిని కూడా వెంట తీసుకెళ్తున్నాను. పదేళ్లు దాటిన పిల్లల్ని తీసుకెళ్లే చూడండి, మనకి కనిపించనివి వాళ్లకి కనిపిస్తాయి. నా ప్రశ్నల కింద వాడు పెన్సిలుతో తన ప్రశ్న ఒకటి రాసుకున్నాడు: లైబ్రరీ పుస్తకం ఇంటికి ఇస్తారా?